కొవ్వొత్తుల బుట్టతో కొండగుడికి

విశాఖపట్టణమునకు వచ్చు యాత్రికులు సింహాచలమున అప్పన్నను సేవించి, సముద్రపుటొడ్డున కొంతసేపు కూర్చుండి, కైలాసగిరి నెక్కి దిగి తమ యూళ్ళకు మరలిపోవుదురు. నేనిచట వ్రాయబూనిన యాత్ర యట్టిది కాదు. గాజువాకలోని మా యింటినుండి పాతపట్టణమువఱకు బస్సులో పోయి వచ్చుటయే నా యాత్ర. దూరము స్వల్పమే. కాని చేత వెదురుబుట్టయు, బుట్టలో పాతచీర ముక్క కప్పిన 120 కొవ్వొత్తులును ఉన్నప్పుడు తెలిసిన త్రోవయే క్రొత్తగా కనబడును. కొన్నేండ్లుగా నెలకొకటి రెండుమాఱులు నేనీ త్రోవను పోవుచున్నాను.

ఇప్పుడు చెప్పబోవునది గడచిన డిసెంబరు మొదటివారమునాటి ప్రయాణము. ఆనాడు బుట్టతోపాటు మనస్సునందును కొంత బరువున్నది. మా పేటలోని యొక అంగడి యజమాని క్రిస్మసు అమ్మకమునకై 300 పొట్లములు కావలెననియు, పొట్లమునకు 38 రూపాయలు మాత్రమే యిత్తుననియు, సాయంకాలములోగా మాట చెప్పవలెననియు కబురు పంపెను. పొట్లమునకు ఆఱు కొవ్వొత్తులు. నా లెక్కప్రకారము పొట్లమునకు 30 రూపాయలు పడుచున్నది గనుక మొత్తముమీద 2,400 రూపాయలు మిగులును. నాకా రూపాయల యవసరము మిక్కుటముగా నుండెను. 2020లో బ్యాంకున కుదువబెట్టిన నా గాజులజత యింకను ఇల్లు చేరలేదు. మా వారు ఒప్పుకొమ్మనియు అనలేదు, వలదనియు అనలేదు. "లెక్క మఱియొకమాఱు చూడుము" అని మాత్రము చెప్పి బడికి వెడలిరి. ఉపాధ్యాయునితోడి కాపురమున ఈ మాట వినబడని దినముండదు గనుక నేను చెవిని బెట్టలేదు.

గాజువాక దాటిన పిమ్మట శ్రీహరిపురము, మల్కాపురముల మీదుగా బస్సు పోవును. ఇది కొలుముల యూరు. రాత్రివేళ మా డాబాపై నిలిచి ఉక్కు కర్మాగారము వైపు చూచినచో ఆకాశమున కెంజాయ కానవచ్చుచుండును. అచటి యినుము కరగించు కొలుములలో 1990లో వెలిగిన మొదటిదానికి గోదావరి యనియు, రెండవదానికి కృష్ణ యనియు, 2012లో వచ్చిన మూడవదానికి అన్నపూర్ణ యనియు పేళ్ళు. అగ్నిగుండములకు నదుల పేళ్ళు పెట్టిన వారెవరో గాని రసికులు! అచట టన్నులకొలది యినుము కరగుచుండగా ఇచట నా వంటయింట గిన్నెడు మైనము కరగును. మా యింటి పనిని గూర్చి యెవరైన నవ్వినప్పుడు నేనీ పోలికనే తలచుకొని ధైర్యము తెచ్చుకొందును.

మల్కాపురమున చమురుశుద్ధి కర్మాగారపు పొగగొట్టములు బస్సులోనికి తొంగిచూచుచున్నట్లే యుండును. అది 1957లో పని నారంభించినది. ఆ వాసనకు ముక్కు మూసుకొను ప్రయాణికులను చూచినప్పుడు నాకు లోలోపల నవ్వు వచ్చును. నా బుట్టలోని తెల్లని సరకు అట్టి నల్లని చమురునకు పుట్టిన బిడ్డయే. ముడిచమురునుండి కందెననూనె తీయునప్పుడు దానిని మిక్కిలి చల్లబఱచి అందలి మైనమును వేఱుచేయుదురు. అదియే పారఫిన్ మైనము. మన దేశమున అస్సాములోని దిగ్బోయి కర్మాగారము 1901 నాటిది. దాని మైనమునకు చిరకాలముగా పేరున్నది. నేను కొను పలకలు తెల్లగా, మంచుగడ్డలవలె నుండును. మూటపైని 58–60 అను అంకెలు అది యెంత వేడికి కరగునో తెలుపును.

ఈ పారఫినును జర్మనీదేశపు శాస్త్రవేత్త రైఖెన్‌బాఖ్ 1830లో మొదట వేఱుచేసెను. అంతకుమున్ను ఐరోపాలో పేదలు జంతువుల కొవ్వుతోను, సంపన్నులును దేవాలయములవారును తేనెమైనముతోను వత్తులు చేసికొనెడివారు. ఆ కొవ్వు వాడుకలోనుండి పోయినను మన తెలుగుమాటలో నింకను నిలిచియున్నది. మా యత్తగారు మొదటిదినమున "కొవ్వు పేరుగల వస్తువు నా వంటయింటిలోనికా?" అని గుమ్మమున కడ్డముగా నిలిచిరి. మైనము చమురునుండి వచ్చినదని మా వారు గంటసేపు పాఠము చెప్పిన తరువాతగాని దారి యియ్యలేదు. అయితే ఆమె సందేహము బొత్తిగా నిరాధారము కాదని తరువాత తెలిసికొంటిని. కొవ్వొత్తి గట్టిపడుటకును, అచ్చునుండి సులువుగా నూడివచ్చుటకును కలుపు స్టియరిక్ ఆసిడ్డు అను తెల్లని పలుకులు కొన్ని జంతువుల కొవ్వునుండియు, కొన్ని తాటిజాతి చెట్టయిన పామాయిలునుండియు తయారగును. అదిమొదలు నేను పామాయిలుదే యడిగి తెచ్చుచున్నాను. ఈ సంగతి మా యత్తగారికి చెప్పలేదు. ఈ పత్రిక ఆమె చేతబడునేమో!

చిన్ననాడు మా తాతగారు నాచేత అమరము వల్లెవేయించినప్పుడు మైనమునకు మధూచ్ఛిష్టము, సిక్థకము అను పేళ్ళు నేర్చికొంటిని. మధూచ్ఛిష్టమనగా తేనె తీయగా మిగిలిన యెంగిలి. ఆ మాట నాకేల మఱపు రాలేదో చెప్పెదను. నా వ్యాపారము ఎంగిలి మైనముతోనే మొదలైనది.

నేను కాపురమునకు వచ్చిన సంవత్సరమే, 2014 అక్టోబరు 12వ తేదిన, హుద్‌హుద్ తుపాను ఈ పట్టణముమీద విఱుచుకొనిపడినది. చెట్లు నేలగూలెను, విద్యుత్ స్తంభములు వంగిపోయెను. మా వీధికి చాలదినములు కరెంటు లేదు. నీటికొఱకు బిందెలతో వరుసలు, పాలకొఱకు వరుసలు, కొవ్వొత్తులకొఱకు వరుసలు! ఆ చీకటి రాత్రులలో నొక్కొక్క వత్తిని సగము కాల్చి ఆర్పి, మఱునాటికి దాచుకొంటిమి. పదునొకండు దినములకు దీపావళి వచ్చినది. అప్పుడు మిగిలిన ముక్కలను మా యత్తగారు పాఱవేయనీయక యొక బిస్కత్తు డబ్బాలో వేసి అటకపై పెట్టిరి.

ఆ డబ్బా మరల 2020 ఏప్రిల్ 5వ తేదిన దిగినది. ఆ రాత్రి 9 గంటలకు 9 నిమిషములపాటు దీపములు వెలిగింపుడని ప్రధానమంత్రి కోరియుండిరి గదా. అంగళ్ళు మూసియుండెను. మేమా మొండి ముక్కలనే డాబాగోడపై వరుసగా వెలిగించితిమి. గాలికి కొన్ని యాఱిపోయినవి, కొన్ని కాఱి గోడకు అతుకుకొన్నవి. మఱునా డుదయమున వానిని గీకి తీయుచు ఈ మైనము నేమి చేయుదునా యని తలపోసితిని. అప్పటికే బడులు మూతపడినవి. మా వారు పనిచేయు ప్రైవేటు బడివారు జీతము సగముచేసి, పిదప అదియు నిలిపివైచిరి. అట్టి గృహము మాదొక్కటియే కాదు; ఆ యేట ప్రైవేటు ఉపాధ్యాయులు కూరగాయలమ్మిన సంగతి పత్రికలలో చదివియే యుందురు. గాజులు బ్యాంకునకు పోయినది అప్పుడే.

మొదట మొండి ముక్కలను కరగించి, బొప్పాయికాడలను అచ్చుగా చేసి పోసితిని. చూచుటకు వంకరటింకరలుగా నున్నను వెలిగినవి! ఇరుగుపొరుగువారు రెండేసి రూపాయలిచ్చి కొనిరి. అంగళ్ళు తెఱచిన తరువాత 24 గుంతలుగల అల్యూమినియపు అచ్చునొకదానిని తెప్పించుకొంటిమి. అది రెండు చెక్కలుగా తెఱచుకొనును. లోపల కొంచెము నూనె రాచి, నడుమ దారము బిగువుగా లాగి చుట్టి, చెక్కలు మూసి, మర బిగింపవలెను. పిదప కరగిన మైనమును సన్నని ధారగా పోసి, అచ్చును నీళ్ళతొట్టెలో నిలుపవలెను. చల్లాఱునప్పుడు మైనము క్రుంగి నడుమ గుంట పడును గనుక మరల కొంచెము పోయవలెను. అరగంటకు తెఱచినచో 24 కొవ్వొత్తులు పండుకొన్న శిశువులవలె బయటపడును. వానిని మొదటిసారి చూచినప్పుడు కలిగిన సంతోషము నేటికిని తగ్గలేదు.

అందఱును మైనమునుగూర్చియే యడుగుదురు గాని కొవ్వొత్తికి ప్రాణము వత్తి. మన ప్రమిదలో వేయు ప్రత్తివత్తి దీనికి పనికిరాదు; నూలుపోగులను జడవలె అల్లిన వత్తి కావలెను. అల్లిక వలన కాలుచున్న కొన వంగి, మంట యంచునకు వచ్చి, తనంతట తానే బూడిదయగును. 1825 ప్రాంతమున ఫ్రాన్సుదేశమునందీ యుపాయము కనుగొనునంతవఱకు దీపముకడ కత్తెరతో కూర్చుండి నల్లకొనలు కత్తిరించుట యొక పనిగా నుండెడిదట. వత్తిని వెలిగారమును ఉప్పును కలిపిన నీటిలో నానవైచి, బాగుగా నెండబెట్టి, పిమ్మట మైనమున ముంచి తీయవలెను. బాగుగా నను మాటను మా సముద్రతీరపు సోదరీమణులు రెండుమాఱులు చదువుకొనవలెను. ఇచటి గాలిలోని చెమ్మకు వత్తి తడిసియుండిన కొవ్వొత్తి చిటపటలాడి ఆఱిపోవును. వేసవిలో మఱియొక బాధ: నిలువుగా పెట్టిన కొవ్వొత్తులు సాయంకాలమునకు నమస్కరించుచున్నట్లు వంగియుండును. చల్లని నేలపై పడుకోబెట్టుటయే మార్గము.

ఈ పనిలోని యపాయమును దాచుట న్యాయము కాదు. మొదటి సంవత్సరమున నేను తొందరపడి మైనపుగిన్నెను నేరుగా మంటమీద పెట్టి, గుమ్మమున ఎవరో పిలిచినంత మాటలలో పడితిని. తిరిగి వచ్చునప్పటికి గిన్నెనుండి తెల్లనిపొగ. చూచుచుండగనే భగ్గుమన్నది. నేను బిందె నెత్తితిని. ఆ నీళ్ళు పోసియుంటినేని మండుచున్న మైనము నలుదెసలకు చిమ్మి యిల్లంటుకొనెడిది. మా యత్తగారు నా చేయి పట్టి లాగి, ఇత్తడిపళ్ళెమొకటి గిన్నెపై బోర్లించి స్టవ్వు ఆర్పిరి. మంట చచ్చినది. "కాగిన మూకుట్లో నీళ్ళు పోస్తారటే ఎవరైనా?" అని మాత్రమే యనిరి. వంటయింట నలుబదేండ్లు నిలిచిన చేయి అది. నాటినుండి పెద్దగిన్నెలో నీరు మరగించి, అందులో మైనపుగిన్నె నుంచియే కరగించుచున్నాను. నీటివేడి నూఱు డిగ్రీలను మీఱదు గనుక మైనమంటుకొనదు. మా యత్తగారు కూడ ఆనాటినుండియే యీ పనిలో భాగస్వామిని యైరి. కావలి యుండవలెనను నెపముతో వచ్చి కూర్చుండి, పొట్లములన్నియు తామే కట్టుదురు.

మా వారికిది పాఠమునకు పనికివచ్చినది. ఇంగ్లండుదేశపు ఫారడే పండితుడు బాలబాలికలకొఱకు కొవ్వొత్తిని గూర్చియే యుపన్యాసములిచ్చెను. అవి 1861లో పుస్తకముగా వచ్చినవి. అందలి యొక వింతను మా వారు మా పిల్లవానికి చూపిరి. వెలుగుచున్న కొవ్వొత్తిని మెల్లగా ఆర్పి, వత్తినుండి లేచు తెల్లనిపొగకు అంగుళము దూరమున అగ్గిపుల్ల చూపగా, మంట పొగవెంట దుమికి వత్తిపై కూర్చుండినది! అది పొగ కాదనియు, ఆవిరియైన మైనమే యనియు, కాలునది వత్తికంటె ఎక్కువగా ఆ యావిరియే యనియు చెప్పిరి. గాలి లేనిచోట మీరును చేసి చూడవచ్చును.

బస్సు సింధియా చేరినది. 1941లో ఓడల కర్మాగారమును స్థాపించిన నౌకావ్యాపార సంఘము పేరది. ఆ సంఘము చేతులు మాఱినను బస్సు కండక్టరు నోట పేరు మాత్రము నిలిచిపోయినది. 1948లో జలఉష యను నౌక యిచటనే నీటిలోనికి దిగినది. అచటినుండి కాన్వెంటు కూడలి. దానికి చేరువనున్న జ్ఞానాపురమున క్రైస్తవ కుటుంబములు పెక్కు. నవంబరు 2వ తేదిన తమవారి సమాధులకడ కొవ్వొత్తులు వెలిగించుట వారి యాచారము. నా సరకునకు సంవత్సరమున మొదటి గిరాకి యదియే, రెండవది క్రిస్మసు.

పాతపట్టణమున దిగి, కొండమొదలున పూలును కొవ్వొత్తులును అమ్ము పెద్దమ్మ కడకు పోయితిని. ఆమెకు అఱువది యేండ్లు దాటియుండును. అక్షరము రాదు గాని లెక్కలో మా వారిని మించినది. బుట్ట దింపి, అంగడి యజమాని పంపిన కబురు చెప్పి, 2,400 రూపాయలు మిగులునని సంతోషముగా పలికితిని. ఆమె వ్రేళ్ళు మడచుచు నన్నడుగసాగెను. మైనమెంత? పొట్లమునకు 180 గ్రాములు, కిలో 150 చొప్పున 27 రూపాయలు. వత్తికి 3. సరే, ముప్పది. చుట్టిన కాగితము? రెండున్నర. గ్యాసు? రూపాయిన్నర. విఱిగినవి, వంగినవి? ఒక రూపాయి. బస్సు, ఆటో? రూపాయిన్నర. ముప్పదియాఱున్నర! నా నోట మాట రాలేదు. పొట్లమునకు మిగులునది రూపాయిన్నర. 300 పొట్లములకు 450 రూపాయలు.

ఆమె యంతటితో విడువలేదు. "మైనం లెక్కెట్టినావు, ఒత్తి లెక్కెట్టినావు. మరి నీ సెయ్యి లెక్కేది తల్లీ?" అనెను.

నేను అచటనే మెట్టుపై కూర్చుండి లెక్కించితిని. 300 పొట్లములనగా 1,800 కొవ్వొత్తులు. అచ్చు 75 మాఱులు నింపవలెను. మాఱునకు అరగంట చొప్పున ముప్పదియేడున్నర గంటలు. అనగా గంటకు 12 రూపాయలు! వత్తులు నానవేయుట, ఎండబెట్టుట, మా యత్తగారు పొట్లములు కట్టుట ఇందులో చేరలేదు. మా వీధిలో అంట్లు తోము పిల్లయు ఇంత తక్కువకు రాదు. అక్షరాస్యురాలనని గర్వించు నేను ఇన్నేండ్లు కూలి లేక పనిచేసి, దానికి లాభమని పేరుపెట్టుకొంటిని. ఇంట కూర్చుండి చేయుపని గనుక దానికి వెల లేదని మనమే యనుకొందుము. కొనువారికి అది సౌకర్యముగా నున్నది. యంత్రమున వేలకొలది పోయు కర్మాగారముతో వెలలో పోటీకి దిగినచో నా వంటి యాడుది ఓడక తప్పదు.

"సన్నవి అందరికాడా ఉంటాయి. పోయినసారి నువ్వు తెచ్చిన పొట్టివి ఉన్నాయే, అవే అడుగుతన్నారు. కొండమీద గాలి సూసినావా ఎప్పుడైనా?" అని పెద్దమ్మ యడిగినది. ఆ పొట్టివి నేను పరీక్షకై యిరువది చేసి యిచ్చినవి. రెండంగుళముల యెత్తు, బొటనవ్రేలిని చూపుడువ్రేలిని కలిపి చుట్టినంత లావు, 50 గ్రాముల తూకము. ఒక్కొక్కటి పది రూపాయలు పడగా ఆమెకు 16కు ఇచ్చితిని. ఆమె 20కి అమ్మినది. ఇన్నిమాఱులు కొండమొదలునకు వచ్చియు, పైకెక్కి నా సరకు ఎట్లు వెలుగుచున్నదో చూడలేదను మాట అప్పుడు తట్టినది. బుట్టను ఆమెకడ నుంచి మెట్లెక్కితిని.

ఈ కొండను రాస్ కొండ యందురు. 1864లో రాస్ అను దొర దీనిపై ఇల్లు కట్టుకొనెననియు, పిదప నదియే మేరీమాత గుడి యైనదనియు చెప్పుదురు. ఊరివారు కొండగుడి యనియే పిలుతురు. దీని చెంతనే దర్గాకొండయు, వేంకటేశ్వరుని కొండయు నున్నవి. మూడును రేవువైపు చూచుచు అక్కచెల్లెండ్రవలె నిలిచియున్నవి. పైనుండి చూచినచో డాల్ఫిన్‌నోస్ కొండయు, దాని పాదమున ఓడలు లోనికి వచ్చు ఇఱుకైన నీటిదారియు కానవచ్చును. 1933లో ఈ రేవు తెఱవబడినది. నేను చూచుచుండగనే యొక పెద్ద యోడ చిన్న లాగుడు పడవల వెంట, పెండ్లికూతురువలె మెల్లగా లోనికి నడచుచుండెను. డిసెంబరులో మేరీమాత యుత్సవమునకు ఈ మెట్లు జనముతో నిండిపోవును. వచ్చువారిలో క్రైస్తవులే కాదు, నుదుట కుంకుమగలవారును ఎందఱో.

ఆ గాలిని గూర్చి నేనేమని చెప్పుదును! చెంగు నిలువదు. కొవ్వొత్తులు వెలిగించు తావున ఒక చిన్నయామె, ఇరువదిరెండేండ్లకు మించి యుండదు, పమిట చాటుచేసి సన్నని కొవ్వొత్తి వెలిగించుచుండెను. ఆఱిపోయినది. మరల వెలిగించినది. మంట యొకవైపున కొఱగి, ఆ ప్రక్క మైనమంతయు కరిగి చేతిపై కాఱగా మరల ఆఱినది. మూడవమాఱు ఆమె పెదవులు వణకుట చూచితిని. పెనిమిటి ఓడపై పనికి పోయి ఎనిమిది నెలలైనదట, వారమునుండి ఫోను రాలేదట. ఆ కొవ్వొత్తి నాది. కాగితపుముక్క చూచి గుఱుతుపట్టితిని. దీపము ఆఱుటను ఆ స్థితిలోనున్న యాడుది యేమని తలచునో మీకు వేఱుగా చెప్పనక్కఱలేదు. నాకు తల యెత్తుకొనరాలేదు.

క్రిందికి పరుగున పోయి పెద్దమ్మ కడనుండి పొట్టికొవ్వొత్తి నొకదానిని తెచ్చి యిచ్చితిని. వెలిగినది, గాలికి తట్టుకొన్నది. ఆమె కన్నులు మూసికొని కూర్చుండెను. పావుగంట గడచునప్పటికి మంట చిన్నదగుచుండుట గమనించితిని. లావైన మైనమునకు సన్నవత్తి వేసియుంటిని. కరిగిన మైనము చుట్టు గట్టువలె నిలిచి, నడుమ గుంటలో వత్తి మునిగిపోవుచున్నది. ఆమె కన్నులు తెఱవకమున్నే నేను కొవ్వొత్తిని మెల్లగా వంచి కరిగినది పాఱబోసితిని. మంట మరల లేచినది. అట్లు రెండుమాఱులు చేసి, ఆమె లేచి పోవువఱకు ప్రక్కనే కూర్చుంటిని. నేనెవరో ఆమె యెఱుగదు. నేను చెప్పనులేదు.

కొండ దిగివచ్చి అంగడి యజమానికి ఫోను చేసితిని. పొట్లము 48కి తక్కువైన చేయజాలనని చెప్పితిని. ఆయన నవ్వి, "అమ్మా, ఇంట్లో ఊరికే కూర్చునేదానికి ఈమాత్రం చాలదా?" అని పెట్టివేసెను. ఆ మాట వినినప్పుడు పోయినది 450 రూపాయలే గదా యని మనస్సు సరిపెట్టుకొనుట మఱింత తేలికయైనది.

పూర్ణామార్కెట్టు ప్రక్కసందులో వత్తిదారమమ్ము దుకాణమునకు పోయి, ఉన్నవానిలో రెండు విధములు లావైనవి, జడ బిగువుగా నున్నవి, తీసికొంటిని. తిరుగు బస్సులో మా యింటికి రెండిండ్ల యవతలి చెల్లెలు కనబడినది. ఈ చెల్లెలు లడ్డూలవలె, ఐస్క్రీములవలె మైనముతో బొమ్మలు చేసి గాజుగ్లాసులలో పెట్టి మల్లెవాసన కలిపి సముద్రపుటొడ్డు ప్రదర్శనలలో నూఱులకమ్మును. నాకా పద్ధతి నచ్చదు. ఆమె యింటికి వచ్చిన చుట్టాలబిడ్డ మైనపులడ్డూను కొఱికి యేడ్చిన సంగతి వీధియంతయు నెఱుగును. అయినను ఆ చెల్లెలు తన గంటలను తప్పక లెక్కకట్టుకొనునని ఆనాడు సంభాషణవలన తెలిసినది. ఆ పుస్తక మొకమాఱు చూపుమని యడిగితిని.

ఆ రాత్రి పాతలెక్కల పుస్తకమున నూతనముగా నొక గీత గీసి, పైన "చేయి" అని వ్రాసితిని. మా వారు చూచి యేమనలేదు. ఎఱ్ఱసిరాతో క్రింద నొక చిన్న టిక్కు పెట్టిరి. మఱునాడు తెల్లవాఱుజామున 5 గంటలకు రెండు పొట్టికొవ్వొత్తులను, రెండు రకముల వత్తులతో, డాబాపై గాలికెదురుగా వెలిగించి ప్రక్కన గడియారము పెట్టితిని. మొదటిది పొగలు చిమ్మి, ప్రక్కకు కాఱి, 7 గంటలకే ముగిసినది. రెండవది మధ్యాహ్నము 11 గంటలు దాటువఱకు ఆఱక వెలిగినది. మా యత్తగారు మెట్లపై కూర్చుండి కాకులను తోలుచు దానికి కావలి యుండిరి.